రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను వాద్యాల కంపెనీ కొనేస్తే: తిరుపతి, చిత్తూరు స్టూడియోల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని అన్నమయ్య కీర్తనలు, అయ్యప్ప పాటలు, గంగమ్మ జాతర పాటలు రికార్డు చేసేవాళ్లు తిరుపతిలో, చిత్తూరులో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ పేజీ. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఏ కీబోర్డుల కంపెనీయో గిటార్ల కంపెనీయో కొనేసిందని వార్త వస్తే లైసెన్స్ ఏమవుతుంది, పాత పాటలు ఏమవుతాయి, కొత్త యజమానిని ఏం అడగాలి అన్నది ఇక్కడ వివరంగా ఉంది. తొందరలో ఉన్నవాళ్లు "మొదటి వారంలో ఏం చేయాలి?" అన్న ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

వాద్యాలు తయారుచేసే కంపెనీకి సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఏం పని?

కీబోర్డు కొన్నవాళ్లు మళ్లీ పదేళ్లదాకా కొట్టు గడప తొక్కకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో అయితే కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ డబ్బు వస్తుంది, చందా పద్ధతి పెడితే నెలనెలా వస్తుంది. మొదటి కారణం ఇది. ఇప్పుడు గిటార్ కొన్న కుర్రవాడు ఆ సాయంత్రమే ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో వాయించి రికార్డు చేయాలనుకుంటాడు. ఆ పని తమ పేరు మీదే జరగాలని తయారీదారు కోరుకుంటాడు. ఇది రెండో కారణం. వీటికంటే బలమైనది మూడోది. ఆడియో ఇంజిన్, మిడి (శబ్దాన్ని కాకుండా ఏ స్వరం ఎప్పుడు ఎలా వాయించారో రాసిపెట్టే పద్ధతి) ఎడిటర్, ప్లగిన్లను (అదనంగా తగిలించుకునే వాద్యాలు, ఎఫెక్టుల చిన్న సాఫ్ట్‌వేర్లను) భరించే చట్రం, మిక్సర్ అన్నీ కలిసి తడబడకుండా నడిచే సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా రాయడానికి ఏళ్లు పడుతుంది. ఆ పని తెలిసిన ప్రోగ్రామర్లు ప్రపంచంలోనే కొద్దిమంది. అందుకే తయారుగా ఉన్న జట్టును కొంటారు. అసలు ఆస్తి ఆ జట్టే, పెట్టె మీద ఉన్న పేరు ఆ తర్వాతి సంగతి. కింది సమాధానాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇంతకు ముందు ఇలా కొన్నప్పుడు ఏం జరిగింది?

బాగా జరిగినదానితో మొదలుపెడదాం. స్టైన్‌బర్గ్ 1984లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన కంపెనీ. క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లదే. ఇవాళ మనం వాడే వీఎస్‌టీ ప్లగిన్ పద్ధతి (1996), సౌండ్ కార్డు ఆలస్యాన్ని తగ్గించే ఏసియో డ్రైవర్ పద్ధతి కూడా వాళ్లవే. 2003లో పినకిల్ సిస్టమ్స్ అనే వీడియో పరికరాల కంపెనీ దాన్ని కొంది. రెండేళ్లు తిరగకుండానే అమ్మేసింది. 2004 డిసెంబరులో యమహా కొనుగోలు ప్రకటించింది, 2005 జనవరికి అది పూర్తయింది. పేరు మారలేదు, ఆఫీసు హాంబర్గ్ నుంచి కదల్లేదు. యమహా మోటిఫ్ కీబోర్డు శబ్దాలు క్యూబేస్ 4తో వచ్చిన హాలియన్ వన్ అనే సాఫ్ట్‌వేర్ వాద్యంలోకి చేరాయి. యమహా కీబోర్డులు, మిక్సర్ల పెట్టెల్లో క్యూబేస్ చిన్న వెర్షన్ క్యూబేస్ ఏఐ రావడం మొదలైంది. అయినా రోలాండ్, కోర్గ్ వాడేవాళ్లకు తలుపు మూయలేదు. 2012లో అవిడ్ కంపెనీ తన నొటేషన్ (స్వరాలను రాసే) సాఫ్ట్‌వేర్ సిబేలియస్ లండన్ ఆఫీసును మూసేసినప్పుడు ఆ జట్టును స్టైన్‌బర్గ్ చేరదీసింది. వాళ్లే తర్వాత డోరికో అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చారు, 2016లో. యజమానికి ఓపిక లేకపోతే నాలుగేళ్లు అమ్మకం లేకుండా ఒక జట్టును పోషించడం జరగని పని.

ఇక సోనార్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన కేక్‌వాక్ కంపెనీ సంగతి. 2008లో రోలాండ్ ఇందులో పెద్ద వాటా తీసుకుంది. సోనార్ సాఫ్ట్‌వేర్‌కు జతగా వి-స్టూడియో అనే కంట్రోలర్లు కూడా వచ్చాయి. 2013లో రోలాండ్ దాన్ని గిటార్ల కంపెనీ గిబ్సన్‌కు అమ్మింది. 2016లో "ఒకసారి కడితే జీవితకాలం అప్‌డేట్లు" అని లైసెన్స్ అమ్మారు. 2017 నవంబరు 20న గిబ్సన్ అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2018 మే 1న గిబ్సన్ తానే దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ఆలోపే, 2018 ఫిబ్రవరిలో, బ్యాండ్‌ల్యాబ్ కేక్‌వాక్ ఆస్తులు కొని ఏప్రిల్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేసింది కాబట్టి వాడుకరులు బతికిపోయారు. మంచి సాఫ్ట్‌వేర్ కూడా యజమాని అప్పుల వల్ల ఆగిపోగలదని ఇది చూపించింది. జీవితకాలం అన్న మాట ఎవరి జీవితం గురించి చెబుతున్నారో కొనేముందే అడగాలి.

గిబ్సన్‌కు ఇది మొదటిసారి కూడా కాదు. 1998లో ఓప్‌కోడ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ కంపెనీని కొంది, 1999కల్లా అక్కడ అభివృద్ధి ఆగిపోయింది. మిడిని, ఆడియోను ఒకే తెర మీద కలిపిన తొలి సాఫ్ట్‌వేర్ స్టూడియో విజన్ ఆ కంపెనీదే. దానిలో చేసిన ప్రాజెక్టులు ఇవాళ తెరవాలంటే ఆ కాలపు మ్యాక్ వెతుక్కోవాలి. మిక్సర్లు చేసే మ్యాకీ దగ్గర ట్రాక్షన్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కూడా కొన్నేళ్లు కదలిక లేకుండా పడి ఉంది. 2013లో మళ్లీ అసలు రూపకర్త చేతికి వచ్చాకే దానికి ఊపిరి వచ్చింది.

గిటార్ల కంపెనీ ఫెండర్ 2021 నవంబరులో ప్రీసోనస్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ప్రీసోనస్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ స్టూడియో వన్ దానితోపాటు ఫెండర్ చేతికి వచ్చింది. 2024 అక్టోబరులో వచ్చిన 7వ వెర్షన్‌లో రకరకాల ఎడిషన్లు తీసేసి ఒక్కటే ఉంచారు, ధర 399.99 డాలర్ల నుంచి 199.99 డాలర్లకు దిగింది. 2025లో ఫెండర్ స్టూడియో అనే ఉచిత యాప్ వచ్చింది. చౌకైన ఎడిషన్ వాడేవాళ్లకు దారి మారింది, పూర్తి ఎడిషన్ కొనాలనుకునేవాళ్లకు లాభం కలిగింది.

ఆపిల్ వాద్యాల కంపెనీ కాదు, కానీ విండోస్ మీద పనిచేసే మనవాళ్లు మరచిపోకూడని ఉదాహరణ అది. 2002 జూలైలో లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తయారీదారు ఇమాజిక్‌ను కొంది. ఆ సెప్టెంబరు 30తో విండోస్ లాజిక్‌ను ఆపేసింది. మూడు నెలలు మాత్రమే గడువు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు సంగతులు తేలతాయి. కొన్న కంపెనీ అప్పుల్లో ఉందా? రాసే జట్టు ఉన్నచోటే ఉందా? ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే కొన్న కంపెనీ సొంత సరుకు అమ్మకం దెబ్బతింటుందా? మూడోదానికి అవునన్న జవాబు వస్తే మీరు కొంచెం నిశ్చింతగా ఉండవచ్చు.

వార్త వచ్చిన రోజే మా లైసెన్స్ ఆగిపోతుందా?

ఆగదు. పూర్తిగా కొనుక్కున్న లైసెన్స్ ఒకసారి యాక్టివేట్ అయ్యాక ఆ కంప్యూటర్‌లో నడుస్తూనే ఉంటుంది. ఇబ్బంది వచ్చేది మీ ల్యాప్‌టాప్ పాడైన రోజు. కొత్తదానిలో మళ్లీ యాక్టివేట్ చేయాలంటే కంపెనీ సర్వర్ బతికుండాలి, మీ అకౌంట్ కొత్త యజమాని వ్యవస్థలోకి సరిగ్గా మారి ఉండాలి. క్యూబేస్ 12 నుంచి ఒక లైసెన్స్‌ను మూడు కంప్యూటర్లలో, స్టూడియో వన్‌ను ఐదింటిలో యాక్టివేట్ చేసుకోవచ్చు. కాబట్టి ఖాళీగా ఉన్న చోటును ఇప్పుడే ఇంట్లోని రెండో కంప్యూటర్‌కు వాడేయండి. విండోస్ ఫార్మాట్ చేసేముందు పాతదానిని తప్పకుండా డీయాక్టివేట్ చేయాలి, లేకపోతే ఆ చోటు వృథాగా పోతుంది.

మా దగ్గర ఇంకా డాంగిల్ క్యూబేస్ ఉంది. వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, లైసెన్స్‌ను దాచుకునే ఆ చిన్న యూఎస్‌బీ ముక్క పెళుసు వస్తువని గుర్తుంచుకుని. డాంగిల్ లైసెన్స్‌లను చూసుకునే ఈలైసెన్సర్ ఆన్‌లైన్ సేవ 2025 మే 20తో ముగిసింది. యూఎస్‌బీ డాంగిల్‌లో ఇప్పటికే ఉన్న లైసెన్స్ పనిచేస్తుంది. డాంగిల్ విరిగినా పోయినా లైసెన్స్‌ను మరో డాంగిల్‌లోకి తెచ్చుకునే దారి లేదు. కాలు తగిలే అవకాశం ఉన్న ముందువైపు పోర్టులో పెట్టకండి, వెనక పోర్టుకు చిన్న కేబుల్ వేసి బల్లకు కట్టేయండి. డాంగిల్ మీద ఆధారపడిన ప్రాజెక్టులన్నీ కింద చెప్పిన పద్ధతిలో ఈ నెలలోనే బయటికి తీసి పెట్టుకోండి.

మొదటి వారంలో ఏం చేయాలి?

1. మీ అకౌంట్‌లోకి వెళ్లి ఈమెయిల్ చిరునామా సరిచూసుకోండి. పాత కాలేజీ మెయిల్, నెట్ సెంటర్ వాళ్లు తెరిచిచ్చిన మెయిల్ ఉంటే మార్చేయండి. అకౌంట్లు కొత్త యజమాని వ్యవస్థలోకి మారేటప్పుడు వచ్చే ఉత్తరం ఆ చిరునామాకే వస్తుంది. లైసెన్స్ పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు.
2. బిల్లు, సీరియల్ నంబరు, లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ ఒక ఫోల్డర్‌లో పెట్టి ప్రింటు కూడా తీసుకోండి.
3. ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ ఇన్‌స్టాలర్, మీరు కొన్న శబ్దాల లైబ్రరీలు, సౌండ్ కార్డు డ్రైవర్ మొత్తం డౌన్‌లోడ్ చేసి బయటి డిస్కులో ఉంచండి. ఇంటర్నెట్ ద్వారా ముక్కలు ముక్కలుగా దించుకునే చిన్న ఇన్‌స్టాలర్ కాకుండా పూర్తి ఇన్‌స్టాలర్ తీసుకోండి.
4. వాడే ప్లగిన్ల పేర్లు, వెర్షన్లు రాసుకోండి.
5. విండోస్ అప్‌డేట్లను కొన్నాళ్లు నిలిపి ఉంచండి. సెట్టింగ్స్‌లో ఐదు వారాలదాకా నిలిపే వీలుంది. బ్రహ్మోత్సవాల ముందు, వినాయక చవితి ముందు, అయ్యప్ప సీజన్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జోలికి అసలు వెళ్లకండి.

అయిదింటిలో ఒక్కదానికే సమయం ఉంటే మొదటిది చేయండి.

పాటలను ఆ సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా ఎలా భద్రం చేయాలి?

ప్రాజెక్టు ఫైలు కంపెనీది, ఎక్కడైనా తెరుచుకునే వేవ్ ఆడియో ఫైలు మీది. అంతే తేడా. ప్రతి పాటకూ మూడు రకాల సరుకు బయటికి తీయాలి.

ముందు ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేసి ఆ నకలు మీదే పనిచేయండి. గొంతుకు శ్రుతి సరిచేసిన ఎడిట్లు ఉంటే వాటిని శాశ్వతంగా ఆడియోలోకి దించండి. ఆ దిద్దుబాట్లు వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ప్రాజెక్టు రూపంలో వెళ్లవు. తర్వాత ప్రతి ట్రాక్‌నూ ఒకే ప్రారంభ బిందువు నుంచి, అంటే పాట మధ్యలో వచ్చే వేణువు ముక్కను కూడా సున్నా సెకను నుంచి, వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అలా చేస్తే ఎక్కడ తెరిచినా అన్నీ వరుసలో కూర్చుంటాయి. 24 బిట్, రికార్డు చేసినప్పటి శాంపిల్ రేటు ఉంచండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసినదాన్ని 48కి మార్చడం వల్ల లాభం లేదు. ఎఫెక్టులతో ఒక సెట్టు, ఎఫెక్టులు లేకుండా ఒక సెట్టు తీయండి. రెండోది లేకపోతే ఐదేళ్ల తర్వాత మళ్లీ మిక్స్ చేయడం కుదరదు, పాత రెవెర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టు) గొంతుకు అతుక్కుపోయి ఉంటుంది.

మిడి ట్రాకులను టైప్ 1 (ట్రాకులు విడివిడిగా ఉండే రకం) మిడి ఫైలుగా టెంపోతో సహా తీయండి. చివరగా ఒక టెక్స్ట్ ఫైలులో శ్రుతి (ఒకటిన్నర, ఐదున్నర, ఏదైతే అది), తాళం, టెంపో, రాగం, పాడినవాళ్ల పేర్లు, ఏ మైకు వాడారో రాయండి. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు లిపిలో పేర్లు పెడితే పాత సాఫ్ట్‌వేర్లు కొన్నిటిలో ఫైలు దొరకడం లేదని చూపిస్తాయి.

డిస్కు ఎంత కావాలో లెక్క ఇదీ: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.64 మెగాబైట్లు. ఆరు నిమిషాల కీర్తన, 24 మోనో ట్రాకులు అయితే దాదాపు 1.25 గిగాబైట్లు. రెండు సెట్లు కలిపి 2.5. ఒక టెరాబైట్ డిస్కులో ఇలాంటి పాటలు 400 దాకా పడతాయి. రెండు డిస్కులు కొని ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వినకుండా పని ముగిసిందనుకోవద్దు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా పరీక్షించుకోవచ్చు, ఈ పనికి అది చాలు. మ్యూట్‌లో ఉన్న తాళాల ట్రాకు ఎక్స్‌పోర్ట్ కాకపోవడం, చివరి రెవెర్బ్ తోక తెగిపోవడం తరచుగా కనిపించే రెండు లోపాలు. పాట చివర నాలుగు బార్లు ఖాళీ వదిలి ఎక్స్‌పోర్ట్ చేస్తే తోక తెగదు.

ప్రాజెక్టునే నేరుగా వేరే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లలేమా?

కొంతవరకు కుదురుతుంది. 2023లో బిట్‌విగ్ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ, ప్రీసోనస్ కలిసి డాప్రాజెక్ట్ అనే బహిరంగ ఫార్మాట్ తెచ్చాయి. క్యూబేస్ 14 కూడా దాన్ని చదువుతుంది, రాస్తుంది. ట్రాకులు, ఫేడర్ స్థానాలు, ఆటోమేషన్, రెండుచోట్లా ఉన్న వీఎస్‌టీ ప్లగిన్ల సెట్టింగులు వెళ్తాయి. సాఫ్ట్‌వేర్ సొంత ఎఫెక్టుల విషయంలో అంత నమ్మకం పెట్టుకోకండి. వేవ్ ఫైళ్లు తీసిపెట్టాకే ఇది ప్రయత్నించండి.

మిడి ఫైలు వేరేచోట తెరిస్తే గమకాలన్నీ పోయాయి. ఎందుకు?

కర్ణాటక సంగీతం కీబోర్డు మీద వాయించేవాళ్లకు ఇది తప్పక ఎదురవుతుంది. స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ వీల్ తిప్పి గమకం పలికించినప్పుడు మిడిలో రికార్డయ్యేది వీల్ ఎంత తిరిగిందన్నది మాత్రమే. పూర్తిగా తిప్పితే ఎన్ని స్వరస్థానాలు జరగాలన్నది వాద్యంలోని బెండ్ రేంజ్ సెట్టింగ్. మామూలుగా అది 2 ఉంటుంది. మీరు 12 పెట్టుకుని వాయించి, కొత్త వాద్యం 2 మీద ఉంటే మీ జారు ఆరో వంతుకు కుంచించుకుపోతుంది. గాంధారం నుంచి మధ్యమాన్ని తాకాల్సిన స్వరం ఉన్నచోటే వణికినట్టు వినిపిస్తుంది.

సరిచేయడానికి ట్రాక్ మొదట్లో, తొలి స్వరానికి ముందు, ఈ కంట్రోలర్ విలువలు వరుసగా పెట్టండి: 101కి 0, 100కి 0, 6కి 12. ఆ తర్వాత 101కి 127, 100కి 127 పెట్టి ముగించండి. దాదాపు అన్ని హార్డ్‌వేర్ కీబోర్డులూ దీన్ని పాటిస్తాయి. సాఫ్ట్‌వేర్ వాద్యాల్లో కొన్ని పట్టించుకోవు, వాటిలో రేంజ్‌ను చేత్తో మార్చాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే టెక్స్ట్ ఫైలులో బెండ్ రేంజ్ రాసుకుంటే ఈ వెతుకులాట ఉండదు.

మిడిలో శబ్దం ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లోనో, యమహా పీఎస్‌ఆర్-ఐ500లోనో ఉన్న మన వాద్యాల శబ్దాలతో వాయించి ఉంటే ఆ కీబోర్డు చేతిలో ఉన్నప్పుడే ఆడియోగా రికార్డు చేసుకోండి.

రాత్రి పొడుగునా సాగే హరికథ, భారతం రికార్డింగులకు ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో అది సుమారు 4 గంటల 8 నిమిషాలు. దాటితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆగిపోతాయి, కొన్ని ఫైలు రాస్తాయి కానీ అది వేరేచోట తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో పెద్ద ఫైళ్లకోసం ఉన్న ఆర్‌ఎఫ్64 రకం వేవ్ ఎంచుకోండి, లేదా ప్రతి రెండు గంటలకూ విరామం చూసుకుని కొత్త ఫైలు మొదలుపెట్టండి. చేతులు మారే సాఫ్ట్‌వేర్ నీడలో ఉన్నప్పుడు రెండో పద్ధతే మేలు, ఎక్కడైనా తెరుచుకుంటుంది.

కొన్న కంపెనీ కీబోర్డునే మేమూ కొనాలా?

అవసరం లేదు. మిడి 1983 నుంచి అందరిదీ. ఇతర కంపెనీల కంట్రోలర్లకు ఆదరణ తగ్గుతోందా అన్నది మాత్రం ప్రతి అప్‌డేట్ నోట్స్‌లో గమనించండి.

పెట్టెలో ఉచితంగా వచ్చే చిన్న వెర్షన్ చాలా?

భజన బృందానికి, నేర్చుకునే పిల్లలకు చాలు. హార్మోనియం, మృదంగం, తాళాలు, ఇద్దరు ముగ్గురు గాయకులు అంటే ఎనిమిది పది ట్రాకులు. దానికి పెద్ద వెర్షన్ అక్కర్లేదు. ట్రాకుల పరిమితి, ఒకేసారి ఎన్ని మైకులు రికార్డు అవుతాయి అన్న పరిమితి, బయటి ప్లగిన్లు పడతాయా లేదా, ఈ మూడూ పెట్టె తెరవకముందే చూసుకోండి. కోడ్ కార్డు మీద ఉంటే వెంటనే రిజిస్టర్ చేయండి. సెకండ్‌హ్యాండ్ కీబోర్డు కొంటే ఆ కోడ్ ఇదివరకే వాడేసి ఉంటుందన్న లెక్కతోనే బేరమాడండి.

చందా పెట్టారు. కట్టాలా, పూర్తిగా కొనాలా?

నెలకు ఒకటి రెండు పాటలు చేసేవాళ్లు పూర్తిగా కొనడమే మంచిది. రోజూ పని ఉండి, వచ్చే లైబ్రరీలు నిజంగా వాడేవాళ్లకు చందా గిట్టుబాటు కావచ్చు. కార్డు సంగతి ముందే చూసుకోవాలి. విదేశీ కంపెనీ చందా ప్రతి నెలా దానంతటదే కట్ అవ్వాలంటే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మొదట ఓటీపీతో అనుమతి నమోదు కావాలి. మీ బ్యాంకు, ఆ కంపెనీ రెండూ ఆ పద్ధతిలో లేకపోతే చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది. కంపెనీ చేతులు మారినప్పుడు డబ్బు తీసుకునే సంస్థ పేరు కూడా మారుతుంది, అప్పుడు పాత అనుమతి చెల్లదు. సెషన్ మధ్యలో లైసెన్స్ ముగిసిందని తెర మీద కనిపించేది ఇలాంటప్పుడే. నెల చందా కాకుండా సంవత్సరం చందా కట్టి, గడువు తేదీని పండుగ సీజన్‌కు దూరంగా పెట్టుకోండి.

ధర లెక్క వేసేటప్పుడు 200 డాలర్లంటే 200 అనుకోవద్దు. 18 శాతం జీఎస్టీతో 236. కార్డు మార్పిడి రుసుము 3.5 శాతం ఉంటే 244 దాటుతుంది.

సౌండ్ కార్డు డ్రైవర్ కొత్త యజమాని ఆపేస్తే?

సాఫ్ట్‌వేర్‌కంటే ముందు దెబ్బ తగిలేది ఇక్కడే. రెండు కంపెనీల డ్రైవర్లను కలిపి ఒకటి చేసేటప్పుడు పదేళ్లు దాటిన సౌండ్ కార్డు పెట్టెలు జాబితాలోంచి జారిపోతాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది, కాబట్టి విండోస్ 11కి మారేవాళ్లు ముందు తమ సౌండ్ కార్డు పేరు మద్దతు పేజీలో ఉందో లేదో చూడండి. మ్యాక్‌లో ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్‌తో కలిపే పెట్టెలు వాడేవాళ్లు మాకోస్ 26కి మారకండి, అందులో ఫైర్‌వైర్ తీసేశారు.

కొనబోయేవాళ్లకు: యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్న పెట్టె తీసుకోండి. కంపెనీ డ్రైవర్ లేకపోయినా మ్యాక్, ఐప్యాడ్, లినక్స్‌లో నడుస్తుంది. విండోస్‌లో కూడా రికార్డు అవుతుంది, ఆలస్యం మాత్రం పెరుగుతుంది. సొంత ఏసియో డ్రైవర్ ఉంటే 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒకవైపు 2.7 మిల్లీసెకన్లు, గాయకుడికి తెలియదు. పరికరం పాడైతే చెన్నైకో బెంగళూరుకో పంపాల్సిన ఊళ్లు మనవి, కాబట్టి సర్వీసు ఎక్కడ జరుగుతుందో కొట్లో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

కొత్త యజమాని నుంచి మనం న్యాయంగా ఏం ఆశించవచ్చు?

కొన్న లైసెన్స్‌ను గౌరవించడం, యాక్టివేషన్ సర్వర్‌ను నడపడం, ఆపే ఉద్దేశం ఉంటే కనీసం ఒక ఏడాది ముందు చెప్పి ఆఫ్‌లైన్‌లో శాశ్వతంగా తెరుచుకునే చివరి వెర్షన్ ఇవ్వడం. ఈ మూడూ హక్కుగా అడగాల్సినవి. ఎప్పటికీ ఉచిత అప్‌డేట్లు మాత్రం ఆశించలేం, రాసేవాళ్లకు జీతాలు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి.

మన సంగీతం తరఫున అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాద్యాల కంపెనీకి మన మార్కెట్ విలువ తెలుసు. యమహా చెన్నై దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది, భారతీయ శబ్దాలతో కీబోర్డులు చేస్తోంది. అదే శ్రద్ధ సాఫ్ట్‌వేర్‌లోకీ రావాలని గట్టిగా అడగాలి:

మిశ్రచాపుకు క్లిక్ పెడితే ఏడు సమాన దెబ్బలు కాకుండా మూడు, నాలుగుగా విడిపోయి ఊనిక పడాలి. దాన్ని ప్రాజెక్టుతోపాటు సేవ్ చేసుకునే వీలుండాలి. శ్రుతి దిద్దే పరికరం తోడి గాంధారాన్ని తప్పు స్వరంగా భావించి నిటారుగా చేసేయకూడదు. ఫలానా స్వరాలను ముట్టుకోవద్దు అని రాగాన్ని బట్టి చెప్పే వీలు ఉండాలి. అది లేనంతవరకు ఆ స్వరాల దగ్గర దిద్దుబాటు ఆపేసి చేత్తో చేసుకోవడం తప్ప దారిలేదు. సాహిత్యం రాసుకునే ట్రాకులో తెలుగు ఒత్తులు విడిపోకుండా కనిపించాలి. నాదస్వరం, డోలు శబ్దాలు ఇక్కడి విద్వాంసుల దగ్గర, వాళ్లకు తగిన పారితోషికం ఇచ్చి రికార్డు చేసినవి కావాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. నేర్పేవాళ్లు, వాయించేవాళ్లు ఉన్న ఊరు ఇది, శబ్దాల కోసం ఎవరూ దూరం వెళ్లనక్కర్లేదు. ఇక ధర రూపాయల్లో, చెల్లింపు యూపీఐలో ఉండాలి.

అడిగే తీరు కూడా ముఖ్యం. ఒక్కో ఉత్తరంలో ఒక్కటే అడగండి. వెర్షన్ నంబరు, విండోస్ వెర్షన్, ఏం చేస్తే ఏం జరిగిందో వరుసగా, ఇరవై సెకన్ల ఆడియోతో పంపండి. "మిశ్రచాపు రావడం లేదు" అన్న మాట హాంబర్గ్‌లో కూర్చున్నవాళ్లకు అర్థం కాదు. ఏడు దెబ్బల క్లిక్ ఆడియో, మృదంగం మీద అదే తాళం ఆడియో రెండూ జతచేస్తే వెంటనే అర్థమవుతుంది. కళాశాల విద్యార్థులు, స్టూడియోలవాళ్లు కలిసి ఒకే కోరికను విడివిడిగా రాస్తే లెక్కలోకి వస్తుంది.

ఏ లక్షణాలు కనిపిస్తే వేరే సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి?

ఆరు నెలల్లో ఒక్క దోష సవరణ అప్‌డేట్ కూడా రాకపోవడం. సాఫ్ట్‌వేర్ రూపకర్తలు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోవడం. మద్దతు విభాగం జవాబులు వారాలకు వారాలు ఆగడం. జీవితకాలపు లైసెన్స్‌లు భారీ తగ్గింపుతో అమ్మడం. పేరు, రంగు, లోగో మారినంత మాత్రాన ఏమీ కాదు, వాటి గురించి బెంగ పడకండి. ఈ నాలుగింటిలో రెండు కలిసి కనిపిస్తే కొత్త పాటను కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టండి, చేతిలో ఉన్న పాటలను మాత్రం పాతదానిలోనే ముగించండి. సగం మిక్స్ అయిన పాటను మధ్యలో మార్చితే రెండింతల పని.

అప్‌డేట్ చేయకుండా పాత వెర్షన్ మీదే ఉండిపోవచ్చా?

ఉండవచ్చు, ఆ కంప్యూటర్‌ను రికార్డింగ్‌కు మాత్రమే ఉంచి ఇంటర్నెట్‌కు దూరంగా పెట్టగలిగితే. ఆరు నెలలకోసారి ఆన్‌లైన్‌లో తనిఖీ కోరే సాఫ్ట్‌వేర్లకు ఇది పనికిరాదు. ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్కు మొత్తానికి ఇమేజ్ బ్యాకప్ తీసి పెట్టండి. కరెంటు పోయివచ్చే చోట యూపీఎస్ లేకుండా మాత్రం నడపకండి. పాత డిస్కులు పోయేది ఎక్కువగా అప్పుడే.

క్రాక్ వెర్షన్ వాడేవాళ్ల సంగతి?

కంపెనీలు మారినప్పుడు పాత వాడుకరులకు ఇచ్చే తగ్గింపు ధరలు లైసెన్స్ ఉన్నవాళ్లకే. 2024 ఆగస్టులో ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ అమ్మకం ఆగినప్పుడు దాని వాడుకరులకు డోరికో ప్రో 149 డాలర్లకే దొరికింది. క్రాక్ వాడినవాళ్లకు ఆ దారి లేదు. నొటేషన్ ఫైళ్లు ఉన్నవాళ్లు వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే మ్యూజిక్ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా కూడా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

పాత ప్రాజెక్టు తెరుచుకోవడం లేదు. పాట రేపు ఇవ్వాలి. ముందు ఏం చేయాలి?

అసలు ఫైలును మళ్లీ మళ్లీ తెరవడం ఆపండి. ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, కాపీ మీద పనిచేయండి. క్యూబేస్ అయితే ఫోల్డర్‌లో బీఏకే అని ముగిసే ఫైళ్లు ఉంటాయి, అవి ఆటోసేవ్‌లు. చివరిదాని ముగింపును సీపీఆర్‌గా మార్చి తెరవండి. అదీ కూలిపోతే ఏదో ఒక ప్లగిన్ కారణం అయ్యే అవకాశం ఎక్కువ. క్యూబేస్ ఆన్ అవుతున్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది, అందులో బయటి ప్లగిన్లు ఆపేయవచ్చు. ఇతర సాఫ్ట్‌వేర్లలో ప్లగిన్ల ఫోల్డర్ పేరు తాత్కాలికంగా మార్చండి.

ఏదీ కాకపోతే ఆడియో ఫోల్డర్‌లోకి వెళ్లండి. రికార్డు చేసిన వేవ్‌లన్నీ అక్కడే ఉంటాయి. బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లుగా రికార్డయి ఉంటే అవి పాటలో ఎక్కడ మొదలయ్యాయో ఆ సమయం ఫైలులోనే ఉంటుంది. అన్నీ రీపర్‌లోకి లాగి, అన్నిటినీ ఎంచుకుని, మూల ఫైలులో ఉన్న స్థానానికి జరిపే ఆదేశం ఇవ్వండి. ట్రాకులు తమ చోట్లలో కూర్చుంటాయి. ఫేడర్లు, ఎఫెక్టులు మళ్లీ పెట్టుకోవాలి. పది ట్రాకుల కీర్తనకు అది ఒక పూట పని.